నీళ్ళ జాగా

"చెప్పులు విప్పి ఇటియ్యున్రి! చెప్పులతోని పడవ ఎక్కొద్దు!"

పొద్దుటి నుంచి స్రవ్య ఈ మాట ఎన్నిసార్లు అరిచిందో లెక్క లేదు. గొంతు బొంగురుపోయింది. మధ్యాహ్నం పన్నెండైనా వాన తెరిపివ్వలేదు. ఎక్కేవాళ్ళు చెప్పులు విప్పి అందిస్తుంటే, ఆ పిల్ల వాటిని గోనెసంచిలో వేసి, సంచిని పడవ ముందున్న కొక్కానికి బయటి వైపు తగిలిస్తోంది.

పడవంటే గంగమ్మ అంటాడు వైకుంఠం తాత. ఊరు మునిగినా సరే, చెప్పులతో ఎవరినీ ఎక్కనివ్వడు. ఊరు నిజంగానే మునిగింది, ఆయన మాత్రం మారలేదు.

ఆ పడవ తిరుగుతున్నది చెరువులో కాదు, ఉప్పుగూడ గల్లీల్లో. ముందు రోజు ఎగువన ఎక్కడో చెరువు కట్ట తెగింది. తెల్లారేసరికి పల్లంలో ఉన్న ఇళ్ళన్నీ నీళ్ళలో ఉన్నాయి. ఆటోల టాపులు మాత్రం పైకి కనిపిస్తున్నాయి. స్రవ్య ఐదో తరగతి చదివే బడికి గేటు లేదు, గేటు పైన రాసిన పేరు ఒక్కటే ఉంది.

వైకుంఠం తాత స్రవ్య నాన్నకు నాన్న. బతుకంతా చెరువులో చేపలు పట్టిన మనిషి. ఆయన రేకు పడవను పక్కింటి అస్లాం చాచా తన ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాడు. ఇప్పుడు పడవ ముందు భాగంలో నిలబడి, పొడవాటి గడకర్రతో నేలను తన్ని పడవను నడిపేది కూడా అస్లాం చాచానే. తాత పడవ ఎక్కడు. తాడు పట్టుకుని, నీళ్ళలో ముందు నడుస్తాడు. మూత లేని మ్యాన్‌హోల్ ఎక్కడుందో కట్టెతో పొడిచి చూస్తూ దారి చెబుతాడు.

మరి పదేళ్ళ పిల్లకు ఈ పడవలో ఏం పని? పొద్దున అమ్మ స్వరూప అడిగింది కూడా అదే.

"చిన్న పిల్లను గా నీళ్ళల్లకు తోల్కపోతవా మామా?"

"పెద్ద మనిషిని కూసోబెడితే, ఇంకో మనిషిని ఎక్కించుకోకుండ అయితది బిడ్డా. ఇది బరువు లేదు. ఈత వస్తది. నీళ్ళు తోడుడు, సామాన్ సర్దుడు దీనికి మంచిగ ఎర్కే" అన్నాడు తాత.

నాన్న లారీ మీద పొరుగు రాష్ట్రం పోయి ఉన్నాడు. ఇంకెవరిని అడగాలో అమ్మకు తెలియలేదు. గాలి నింపిన ట్యూబు ఒకటి స్రవ్య నడుముకు కట్టి పంపించింది.

తాత చెప్పింది నిజమే. సెలవుల్లో స్రవ్య తాతతో చెరువు మీదికి పోతుంటుంది. పడవలో ఏది ఎక్కడ ఉండాలో కళ్ళు మూసుకుని చెప్పగలదు. తాడు చుట్ట ముందు పలక కింద. తెడ్డు ఎడమ పక్కన. వాన పట్టా మడతపెట్టి నడిమి పలక కింద. ఇక వెనక చివర, పడవ అడుగు అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోట, ఏమీ ఉండకూడదు. సుతిలి తాడుతో కట్టిన ఒక నూనె డబ్బా తప్ప.

రేకు పడవ కదా, రివిట్ల సందుల్లోంచి నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. వాన నీళ్ళు సరేసరి. అన్నీ జారి ఆ పల్లంలోకే చేరతాయి. చేరినవి చేరినట్టు డబ్బాతో ముంచి బయట పారబోయాలి. తాత దాన్ని నీళ్ళ జాగా అంటాడు. ఒకసారి స్రవ్య అక్కడ తన టిఫిన్ బాక్సు పెడితే, తీసి ఒళ్ళో పెట్టాడు.

"నీళ్ళ జాగ మనం తీసుకుంటే, మన జాగ నీళ్ళు తీసుకుంటయ్ బిడ్డా" అన్నాడు.

అప్పుడు స్రవ్య కిసుక్కున నవ్వింది. తాత ఏది చెప్పినా సామెతలాగే చెబుతాడు మరి.

మూడో ట్రిప్పు ఇడ్లీ బండి ఆగమ్మ వాళ్ళ గల్లీకి. అదే గల్లీ చివర సాదియా ఇల్లు. సాదియా, స్రవ్య ఒకే బెంచీ. సాదియా అమ్మీ ముందు రోజు అఫ్జల్‌గంజ్‌లో పనికి పోయి అక్కడే చిక్కుకుంది. ఇంట్లో సాదియా, వాళ్ళ నానీ, అంటే అమ్మమ్మ, కుల్సుమ్‌బీ మాత్రమే ఉన్నారు. నానీకి ఆయాసం. పీల్చే పంపు అయిపోయింది. ఇద్దరూ రేకుల కప్పు మీదికి ఎక్కి కూర్చున్నారని సాదియా అమ్మీ అస్లాం చాచాకు ఫోన్ చేసి ఏడ్చింది.

"ముందుగాల వాళ్ళనే తెద్దామా అన్నా?" అన్నాడు అస్లాం చాచా.

"ఆగమ్మ ఇంటి గోడ బీట ఇచ్చిందంట భాయ్. ఎప్పుడు కూలుతదో తెల్వది. పోయేటప్పుడు వాళ్ళను ఎక్కించుకోని, అట్లనే చివరికి పోదాం. సామాన్ లేకుంటే పడవల అందరు పడ్తరు, జాగ సాల్తది" అన్నాడు తాత. మళ్ళీ వెనక్కి తిరిగి స్రవ్యకు గట్టిగా చెప్పాడు. "మనుషులు, మందులు, కాయితాలు. ఇంకేమొద్దు. సమజైందా?"

"అయింది తాతా."

ఆగమ్మ ఇంట్లో ఐదుగురు. ఆగమ్మ, కొడుకు ఎల్లేష్, కోడలు, ఇద్దరు పసిపిల్లలు. తాత నీళ్ళలో నిలదొక్కుకుని, ఒక్కొక్కరినీ ఎత్తి పడవలోకి అందిస్తున్నాడు. అస్లాం చాచా గడకర్ర గుచ్చి పడవ కదలకుండా ఆపుతున్నాడు. ఇద్దరికీ తల తిప్పే తీరిక లేదు.

అప్పుడే పడవ వెనక వైపున్న కిటికీలోంచి ఆగమ్మ చెయ్యి బయటికొచ్చింది. ఆ చేతిలో పెద్ద ఇడ్లీ గిన్నె ఉంది.

"బిడ్డా, గిదొక్కటి పెట్టవే" అంది గుసగుసగా.

"తాత సామాన్ వద్దన్నడు అవ్వా."

"సామానేంది? ఇది నా బతుకే. గిది పోతే రేపు బండి మీద ఏం పెట్టాలె? గాడ అంత ఖాళీ ఉంది కద, ఊకె పోతున్నది."

స్రవ్య ఆ ఖాళీని చూసింది. ఆగమ్మ ముఖం చూసింది. బడి గేటు దగ్గర ఆగమ్మ బండి. నాలుగు ఇడ్లీలకు డబ్బులిస్తే ఐదోది ఎప్పుడూ తనే వేసేది. 'కాదు' అనే చిన్న మాట పెద్దవాళ్ళ నోటికే రాదు. పదేళ్ళ పిల్లకు ఎక్కడ వస్తుంది?

గిన్నె అందుకుంది. నీళ్ళ జాగాలో పెడితే కొలిచి చేసినట్టు సరిగ్గా పట్టింది. మరి డబ్బా? డబ్బాకున్న సుతిలి విప్పి, డబ్బాను గిన్నెలో పెట్టి, మూత వేసింది. ఈలోగా ఆగమ్మ రెండు బొంతలు కూడా తోసింది. స్రవ్య వాటిని గిన్నె మీద పరిచింది. వాటి మీద ఇద్దరు పసిపిల్లలు ఒదిగి కూర్చున్నారు. పిల్లలకు మెత్తగా ఉంది, గిన్నె దడదడలాడటం లేదు, అంతా ఎంత పొందిగ్గా కుదిరిందో అని స్రవ్యకు లోపల కొంచెం గర్వంగా కూడా ఉంది.

పడవ కదిలింది.

గల్లీ సగం దాటేసరికి స్రవ్య పాదాలకు చల్లగా తగిలింది. చూస్తే మడమల దాకా నీళ్ళు. వాన ధాటిగా కురుస్తోంది. బొంతలు నీళ్ళు తాగి బరువెక్కాయి. స్రవ్య దోసిళ్ళతో తోడటం మొదలుపెట్టింది. దోసిలి పైకి వచ్చేసరికి సగం కారిపోయేది. నీళ్ళు మడమలు దాటి పిక్కల మీదికి వచ్చాయి.

'తాతా' అని పిలవాలి. పిలిస్తే గిన్నె సంగతి బయటపడుతుంది. అందరి ముందు తిడతాడు. ఇంకొంచెం దూరమే కదా, సాదియా వాళ్ళు ఎక్కాక చూసుకుందాం అనుకుంది. దోసిళ్ళు ఇంకా జోరుగా వేసింది.

గల్లీ మలుపు తిరగ్గానే సాదియా ఇల్లు కనిపించింది. రేకుల మీద సాదియా విరిగిన గొడుగు పట్టుకుని ఉంది. పక్కనే నానీ, నీళ్ళ ట్యాంకుకు ఆనుకుని, నోరు తెరిచి గాలి పీలుస్తోంది. పడవను చూడగానే సాదియా లేచి రెండు చేతులూ ఊపింది.

"స్రవ్యా! జల్దీ రా! నానీకి సాంస్ అందుతలేదు!"

అప్పుడే పడవ వెనక భాగం జారినట్టు కిందికి ఒరిగింది. ఆగమ్మ కెవ్వుమంది. తాత వెనక్కి తిరిగాడు. పడవ అంచుకు, బయటి నీళ్ళకు మధ్య నాలుగు వేళ్ళ ఎడం కూడా లేదు.

"తోడుతలేవా స్రవ్యా? డబ్బా ఏది?"

"గిన్నెల ఉంది తాతా."

"ఏ గిన్నె?"

స్రవ్య పిల్లల కిందికి చూపించింది.

ఎల్లేష్ బొంతలు లాగుదామని లేచాడు. అంతే, పడవ పక్కకు తూలింది. ఒక గుప్పెడు నీళ్ళు లోపలికి దూకాయి. పిల్లలు గుక్కపట్టారు.

"కూసో! ఎవ్వలు లేవొద్దు! కదిలితే అందరం పోతం!" అని తాత అరిచాడు. తాత అలా అరవడం స్రవ్య పుట్టిన తర్వాత వినలేదు.

ఆయన పడవ చుట్టూ ఒకసారి చూశాడు. గల్లీ చివర నీళ్ళు మెడ లోతున్నాయి, పారుడు కూడా ఉంది. ముసలామెను భుజాన వేసుకుని నడిచే దారి లేదు. మునగబోయే పడవలో ఇంకో ఇద్దరిని ఎక్కించే వీలూ లేదు.

"సాదియా బేటా! వీళ్ళను దించి గిప్పుడే వస్తం! నానీని గట్టిగ పట్టుకోని కూసో!"

సాదియా చేతులు కిందికి వాలిపోయాయి. పడవ వెనక్కి తిరిగింది. స్రవ్య వెనక కూర్చుని ఉంది కాబట్టి, కనుమరుగయ్యే దాకా ఆ రేకుల కప్పు ఆమెకు కనిపిస్తూనే ఉంది.

రైల్వే స్టేషన్ దగ్గర మెరక మీద అందరినీ దించారు. తాత బొంతలు లాగి పక్కన పడేసి, గిన్నె మూత తీశాడు. లోపల డబ్బా ఉంది. ఒక్క చుక్క నీళ్ళు లేవు, పొడిగా ఉంది.

"నేనే పెట్టుమన్న అన్నా. పిల్లనేమనకు" అంది ఆగమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

తాత డబ్బా తీసి స్రవ్య చేతిలో పెట్టి, తాడు అందుకున్నాడు. ఆయన రెండు తన్ని ఉన్నా ఇంత బాధ ఉండేది కాదు అనుకుంది స్రవ్య.

మళ్ళీ అక్కడికి చేరేసరికి ముప్పావు గంట పట్టింది. కుల్సుమ్‌బీ నానీ సాదియా ఒడిలో పడుకుని ఉంది. పెదాలు నీలంగా మారాయి. సాదియా ఆమె వీపు రుద్దుతూనే ఉంది. స్రవ్య వైపు తలెత్తి చూడలేదు. తాత, అస్లాం చాచా నానీని పడవలో పడుకోబెట్టారు. తిరిగి వచ్చేదాకా స్రవ్య డబ్బా ఆపలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, కానీ ఇంకేం చెయ్యాలో ఆమెకు తెలియలేదు.

రోడ్డు మీద అంబులెన్స్ ఉంది. నానీ ముఖానికి మాస్కు పెట్టి తీసుకుపోయారు. సాదియా అమ్మీ అఫ్జల్‌గంజ్ నుంచి ఎలాగో నేరుగా ఆస్పత్రికి చేరింది. సాదియాను స్రవ్య వాళ్ళింటికి తెచ్చారు. వాళ్ళ గల్లీ మెరకలో ఉంది, అక్కడికి ఇంకా నీళ్ళు రాలేదు.

సాయంత్రం అమ్మ ఇద్దరికీ అన్నం పెట్టింది. సాదియా ముద్ద ముట్టలేదు. స్రవ్య చాలాసేపు కంచం వైపు చూసి, చివరికి అనేసింది.

"సాదియా, డబ్బా నేనే గిన్నెల పెట్టి మూత పెట్టిన. అవ్వ అడిగితే వద్దనలేకపోయిన. నీళ్ళు ఎక్కినంక గూడ తాతకు చెప్పలే."

గది బయట కూర్చున్న తాతకు కూడా ఆ మాటలు వినిపించాయి.

సాదియా కంచం పక్కకు జరిపింది. తర్వాత మెల్లగా అంది. "పడవ చూసి నానీ నవ్వింది తెల్సా? 'ఆగయే బేటీ, వచ్చేసిన్రు, ఇగ ఫికర్ లేదు' అన్నది. గప్పుడే మీరు తిరిగిపోయిన్రు."

స్రవ్యకు ఏడుపు ఆగలేదు. సాదియా ఊరుకోమని అనలేదు.

తెల్లారాక నీళ్ళు వాళ్ళ గల్లీలోకీ వచ్చాయి. ఎగువన ఇంకో కట్ట తెగిందట. గంటలో గడప మునిగింది. ఇంకో గంటలో కిటికీ అందుకున్నాయి. తాత, అస్లాం చాచా పడవను ఇంటి ముందుకే తెచ్చారు. పక్కింటి నాగమణమ్మ, ఆమె ఇద్దరు మనవళ్ళు ఎక్కారు. సాదియా ఎక్కింది. స్రవ్య వెనక తన చోట కూర్చుంది. నీళ్ళ జాగాలో డబ్బా ఒక్కటే ఉంది, సుతిలితో కట్టి.

అమ్మ ఆఖరున వచ్చింది. నడుం లోతు నీళ్ళలో, భుజం మీద కుట్టు మిషన్ మోసుకుంటూ వచ్చింది. స్టాండు నుంచి విప్పిన పై భాగం అది. చీర కొంగుతో చుట్టి, పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది. గల్లీలో అందరి జాకెట్లూ, బడి పిల్లల యూనిఫాంలూ దాని మీదే కుడుతుంది. నాన్న లారీ నడవని నెలల్లో ఇల్లు నడిచేది దానితోనే.

"స్రవ్యా, పట్టు. గాడ ఖాళీల పెట్టు" అంది.

స్రవ్య చెయ్యి చాచలేదు.

"వద్దమ్మా."

"ఏంది?"

"అది నీళ్ళ జాగ. గాడ పెట్టొద్దు."

"పిచ్చిదానా, ఇది మన మిషన్! ఎంతుంది, ఇంతే కదనే!"

"ఎర్కే అమ్మా." స్రవ్య కళ్ళ నిండా నీళ్ళు. "అయినా వద్దు."

అమ్మ తాత వైపు చూసింది. ఈ పిల్లకు మీరైనా చెప్పండి అన్నట్టు చూసింది. తాత తాడు చేతికి చుట్టుకుంటూ నిలబడ్డాడు. "వెనకకు అదే పెద్ద, బిడ్డా. దాన్నే అడుగు" అన్నాడు.

సాదియా తలెత్తింది. నిన్నటి నుంచి మొదటిసారి స్రవ్య ముఖంలోకి చూసింది.

అమ్మ నీళ్ళలో అలాగే నిలబడిపోయింది. తర్వాత వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయింది. బీరువా మీద మిషన్ పెట్టి, ప్లాస్టిక్ కవర్ కప్పిన చప్పుడు బయటికి వినిపించింది. నీళ్ళు అంత ఎత్తుకు రావని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. వట్టి చేతులతో వచ్చి, చెప్పులు విప్పి స్రవ్యకు ఇచ్చి, అమ్మ పడవ ఎక్కింది.

స్రవ్య ఏడుస్తూనే తోడింది. ముంచడం, పోయడం. ముంచడం, పోయడం.

దారిలో అస్లాం చాచా ఫోన్ మోగింది. సాదియా అమ్మీ. ఆయన విని, "మాస్కు ఇంకా తియ్యలేదంట బేటా. కండ్లు మాత్రం తెరిచిందంట" అన్నాడు. సాదియా తల ఊపింది. సంతోషపడొచ్చో లేదో ఎవరికీ తెలియలేదు.

రెండో మలుపులో ఒక ప్రహరీ గోడ మీద ముసలి కొమురమ్మ, ఆమె భర్త ఒకరినొకరు పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఎప్పటి నుంచి తడుస్తున్నారో, ఇద్దరూ వణుకుతున్నారు. పిలవడానికి కూడా గొంతు లేక చెయ్యి మాత్రం ఎత్తారు.

తాత ఆగాడు. పడవలో మనుషుల్ని చూశాడు. తర్వాత అందరి మీదుగా వెనక్కి చూసి అడిగాడు.

"స్రవ్యా, ఇద్దరు పడ్తరా?"

స్రవ్య పడవ అంచు చూసింది. అంచుకూ నీళ్ళకూ మధ్య జానెడు ఎడం ఉంది. అడుగు చూసింది. డబ్బా కింద రేకు కనిపిస్తోంది.

"పడ్తరు తాతా. తీసుకురా."

సాదియా మోకాళ్ళు ముడుచుకుని, స్రవ్య పక్కకు జరిగింది. అస్లాం చాచా గడకర్రను గోడ వైపు తిప్పాడు.